ఒకే కాగితం మీద అన్నదమ్ములు

నా చిన్నప్పుడు మేం వర్జీనియాలో, షాంటిలీలో ఉండేవాళ్లం. ఇప్పుడక్కడ గోంగూర కట్టలు కూడా దొరుకుతున్నాయి గానీ, అప్పట్లో తెలుగువాళ్లంటే వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆదివారం అందరూ పార్కులో కలిసి పులిహోర తిని వాలీబాల్ ఆడేవాళ్లు. ఒకసారి అన్నయ్యా నేనూ ఎదురెదురు జట్లలో పడ్డాం. మా వైపు బంతి అందుకోలేనిది నేనొక్కదాన్నేనని వాడికి బాగా తెలుసు. సర్వీసు నేరుగా నా ముక్కుకే గురిపెట్టాడు. నాకు రక్తం కారుతుంటే, పాయింటు వచ్చిందని అటువైపు అంకుల్స్ చప్పట్లు కొట్టారు.

ముక్కు తొందరగానే బాగుపడింది, కోపమే బాగుపడలేదు. "వాడు నాకు అన్నయ్యే కాదు మమ్మీ, ఐ యామ్ డన్" అని తేల్చేశాను. సారీ చెప్పాను కదా, గేమ్ అంటే గేమే అని వాడి వాదన. అన్నాల దగ్గర పప్పు గిన్నె కావాలన్నా అమ్మ చేత అడిగించుకునేవాళ్లం. అమ్మ విసిగిపోయి పక్కింటి మామ్మతో మొరపెట్టుకుంది.

మామ్మంటే తెల్లవాళ్ల మామ్మ. అలా పిలవడం అమ్మే మాకు నేర్పింది, ఆవిడ మురిసిపోయి పలికేది. మా ఇద్దరినీ పిలిచి, చేతులు కడిగించి, బల్ల మూలకి అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టి, ఒక పాత కాగితం మధ్యలో పరిచింది. ఎప్పుడో వందేళ్ల కిందట, అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తమలో తాము యుద్ధం చేసుకున్నప్పుడు ఆవిడ ముత్తాత ఒక సైన్యంలో, ఆయన అన్న ఎదుటి సైన్యంలో ఉన్నారట. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన వైపు ఉన్నది తన ముత్తాతేనని, అది తప్పేనని దాచకుండా చెప్పింది. అన్న ఇంటికి రాసిన ఉత్తరాన్ని తల్లి ఎలాగో తమ్ముడికి చేరవేసింది. కాగితానికి కరువు కాబట్టి, తమ్ముడు దాన్నే పక్కకి తిప్పి, అన్న రాత మీదుగానే జవాబు రాశాడు. ఆ రోజుల్లో అలా రాయడం మామూలేనట.

అన్నయ్య కూర్చున్న వైపు నుంచి అన్న రాత, నా వైపు నుంచి తమ్ముడి రాత తిన్నగా కనిపించాయి. మామ్మ వేలుపెట్టి మాటలు అందిస్తుంటే వంతులవారీగా చదివాం. తమ్ముడికి దగ్గు తగ్గిందా అని అన్న అడిగాడు. తగ్గింది, నీకు మేజోళ్లున్నాయా అని తమ్ముడు. చివర్లో నా వంతు వచ్చింది. "మీవాళ్లు ఎదురైతే తుపాకీ కాస్త పైకెత్తి కాలుస్తున్నాను. అందులో నువ్వుంటావేమోనని."

అన్నయ్య కాగితం మీంచి కళ్లెత్తలేదు. ఆ ఇద్దరూ ప్రాణాలతో ఇల్లు చేరారని మాత్రం చెప్పి, మామ్మ మాకు కుకీలు పెట్టి పంపేసింది.

తర్వాతి ఆదివారం మళ్లీ ఎదురెదురు జట్లే. ఆఖరి పాయింటుకి అన్నయ్య సర్వీసు. నేను చేతులతో ముఖం కప్పుకున్నాను. బంతి నా తల మీదుగా, గీత దాటి, పులిహోర గిన్నెల దాకా పోయింది. మేం గెలిచాం. "ఏంట్రా, ఆ పిల్ల వైపు కొడితే విన్ అయ్యేవాళ్లం కదా" అని వాళ్ల జట్టులోని అంకుల్ ఒకాయన విసుక్కుంటే, వాడు తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఆ రాత్రి పప్పు గిన్నె నేనే వాడి వైపు జరిపాను.

ఇప్పుడు అన్నయ్యకి అరవై దాటాయి, దూరంగా వేరే రాష్ట్రంలో, అరోరాలో ఉంటాడు. ఎన్నికలొచ్చాయంటే చాలు, మేం చెరో వైపు. ఫోన్‌లో గొంతులు లేస్తాయి. ఏ మాటంటే వాడికి తగులుతుందో నాకు తెలుసు, చెల్లెల్ని కదా. అది నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని వాడి తల మీదుగా పోనిచ్చి, "సర్లే అన్నయ్యా, తిన్నావా?" అంటాను.

"తిన్నానే. నీ మోకాలు ఎలా ఉంది?" అంటాడు వాడు.