పలకల మిషనుకు అక్క రాసిన మాడ్యూల్

మార్కాపురంలో మా నాయన పలకల యూనిట్‌ను నడిపేది ఒక కంప్యూటర్. రాయి కోసే మిషను ఎటు కదలాలో, ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది. ఒక వేసవిలో కరెంటు హెచ్చుతగ్గులకు అది కాస్తా కాలిపోయింది. కొత్తది కొని, లైనక్స్ కొత్త వెర్షన్ ఎక్కించాం. పాత ప్రోగ్రాములన్నీ బుద్ధిగా నడిచాయి. మిషనుకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

మిషనుకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక కార్డు ఉంటుంది. దాన్ని పనిచేయించే మాడ్యూల్‌ను అమ్మినవాళ్లు సోర్సు, అంటే చదివి మార్చుకోగల అసలు రాత, లేకుండా ఇచ్చారు. కెర్నల్ అంటే లైనక్స్ గుండెకాయ; ఆ మాడ్యూల్ పాత కెర్నల్ కొలతలకు కుట్టిన చొక్కా. బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాట కెర్నల్ తప్పదు కానీ, తన లోపలి అమరికను ఎప్పుడంటే అప్పుడు మార్చుకుంటుంది. అమ్మినవాళ్లేమో దుకాణం ఎత్తేశారు. కోత ఆగిపోయి నాయనకు అన్నం సయించలేదు.

మా అక్క గిద్దలూరు కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. సెలవు పెట్టి వచ్చి, కార్డు వివరాలు ముందేసుకుని మాడ్యూల్ కొత్తగా రాసింది. ఎంత మొండిదంటే, అన్నానికి పిలిచినా కసిరేది. మిషను కదిలినప్పుడు నేను ఈల వేశాను. ఇలాంటి అక్క ఉన్నందుకు నాకు భలే గర్వం.

తర్వాత, దాన్ని అందరికీ తెరిచి కెర్నల్‌లోకే ఇచ్చేస్తానంది.

"ఏందమ్మా, పక్క యూనిట్టాయనదీ ఇదే మిషను గదా. నువ్వు కష్టపడి ఆయనకు ఊరికే ఇస్తావా?" అన్నాడు నాయన.

నాయన రాచర్లలో గొర్రెలు మేపి పైకొచ్చిన మనిషి. అక్క అక్కడే పట్టుకుంది.

"మన గొర్రెలకు చెవి గాటు పెట్టి పెద్ద మందలో కలిపేవాడివి గదా నాయనా. ఇదీ అట్లనే. నా పేరు దానిమీదనే ఉంటది. కెర్నల్ లోపల ఎవరు ఏం మార్చినా, వాళ్లే దీన్నీ సరిచేస్తారు. విడిగా పెట్టుకుంటే ప్రతిసారీ నేనే ఉరకాల."

"ఎవడన్నా మార్చి, సోర్సు దాచి అమ్ముకుంటే?"

"లైసెన్సు ఒప్పుకోదు. అమ్మినా, పంచినా సోర్సు ఇయ్యాల్సిందే."

"అయితే కలుపు" అన్నాడు నాయన.

కెర్నల్ చూసుకునేవాళ్లు తప్పులు పట్టి తిప్పి పంపారు. అక్క తిట్టుకుంటూనే దిద్దింది. చివరికి తీసుకున్నారు.

మొన్న కొత్త కెర్నల్ వేసేటప్పుడు మిషను మళ్లీ ఆగిపోతుందేమో అనుకున్నాను. మిషను ఏమీ పట్టనట్టు రాయి కోసుకుంటూ పోయింది. అక్క వెతికి చూస్తే, లోపలి అమరిక మార్చిన ఎవరో విదేశీయుడు ఆమె మాడ్యూల్‌నూ సరిచేసి పెట్టాడు.

"ఆయన మన మిషను చూసినాడా?" అని నాయన అడిగాడు.

"లేదు నాయనా. మార్కాపురం పేరు కూడా విని ఉండడు."

నాయన లోపలికి వెళ్లి, నున్నగా తీసిన పలక ఒకటి గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆయన అడ్రసు కనుక్కోమ్మా. మన రాయి ఎట్లుంటదో ఆయన చూడాల."