మూత మీద లేని టైము

ఉమామహేశ్వరరావు గారు పాల డబ్బా కొనేటప్పుడు కూడా దాని తేదీ చూసి, వెనకున్నదాని తేదీ చూసి, చివరికి మొదటిదే తీసుకునేవారు. వృత్తి అలాంటిది. బాపట్ల కరెంటు ఆఫీసులో బిల్లుల కంప్యూటర్ దగ్గర పదిహేనేళ్ళు పనిచేసి, నలభై నాలుగో ఏట మెల్‌బోర్న్ వచ్చారు. ఒక బీమా కంపెనీ పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడం ఆయన పని. రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆ నెలాఖరులోగా ఆయన ఉద్యోగం మాత్రం ఆగిపోయింది.

వీసా షరతు ప్రకారం ఇరవై ఎనిమిది రోజుల్లో కొత్త యజమాని దొరక్కపోతే దేశం విడిచి వెళ్ళాలి. ఆ గడువు ఫిబ్రవరి ఇరవై, ఆదివారం. అడిలైడ్‌లో ఒక కంపెనీ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఇంటర్వ్యూకి రమ్మంది. ఆయన చేతిలో మిగిలింది అదొక్కటే.

నా సంగతి ఎక్కువ చెప్పను. రెండు దేశాల్లో రెండు కాలేజీలు నా తెలివి తట్టుకోలేక చేతులెత్తేశాయి. ఆ రోజుల్లో సిటీలో స్టేషన్ కింద, సుషీ అనే జపాన్ అన్నం చుట్టలమ్మే ఒక కొట్టులో అన్నం వండేవాణ్ణి. నేను విసనకర్ర పట్టుకుంటే చాలు, విసరకముందే అన్నం భయపడి చల్లారేది. ఊరి శివార్లలో, క్రాన్‌బర్న్‌లో మా ఇద్దరివీ పక్కపక్క గదులు. నా డొక్కు కారులో అడిలైడ్ దింపుతానన్నాను.

"దారిలో హోటళ్ళ మొహం చూడక్కర్లేదు మాస్టారూ. మధ్యాహ్నం మూడు దాటితే సుషీ సగం ధరకే ఇస్తారు. కట్టుకుని కారెక్కడమే. ఉత్తరపు కొసన డార్విన్ దాకా మూడు రోజులు నేను అదే తిన్నాను. దారిలో ఒక మొసలికి రెండు ముక్కలు విసిరితే, మర్నాడు పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది."

"మొసలి సంగతి సరేలేవోయ్. అన్నం మూడు రోజులు ఆగిందా?"

"పులిహోర ఆగదేంటండీ? ఇదీ పుల్లటి అన్నమే. చింతపండు బదులు వెనిగర్."

"లోపల చేప ఉంటుందిగా?"

"చేపల పులుసు మర్నాడే కదండీ రుచి."

ఆయన బాపట్ల మనిషి. ఆ మాటకి తలూపారు.

మా కొట్టు యజమానురాలు హిరోకో ప్రతి డబ్బా మూత మీదా చేసిన టైము నల్ల మార్కరుతో రాసేది. నాలుగు గంటలు దాటిందంటే చెత్తబుట్టే. గురువారం కొట్టు కట్టేసే వేళకి ట్యూనా చేప పెట్టినవి ఎనిమిది డబ్బాలు మిగిలాయి. మూత మీద మధ్యాహ్నం పన్నెండు అని ఉంది. పారేయమంది. అలాగేనన్నాను. సంచిలో వేసుకుని, వెనక గదిలో స్పిరిట్ గుడ్డతో మూతలన్నీ తుడిచాను. జీతం లేని మనిషికి ఊరికే వచ్చినవి పెడితే తప్పేమిటనుకున్నాను. చెప్పీ చెప్పీ నా పులిహోర కథను నేనే నమ్మాను. సంచి ఆ రాత్రంతా కారు డిక్కీలోనే ఉంది.

శుక్రవారం తెల్లవారుజామున బయలుదేరాం. కారులో ఏసీ లేదు. తొమ్మిదింటికే రోడ్డు మీద గాలి వణుకుతూ కనిపించింది. వెనక సీటులో ఆయన కోటు హాంగరుకి ఊగుతోంది. దారి పక్కన చచ్చిన కంగారూ ఒకటి, కాస్త దూరంలో ఇంకొకటి. మూడోది కనపడ్డాక ఆయన బయటికి చూడటం మానేశారు.

హార్షమ్ అనే ఊరు దాటాక ఒక చెట్టు కింద ఆపాం. డిక్కీ తెరిస్తే తీపీ పులుపూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. మూతలకి లోపల చెమట పట్టింది. ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీని మీద టైము లేదేమిటోయ్?"

"అమ్మేవాటికే రాస్తారండీ. ఇవి మీకోసం తెల్లారి నాలుగింటికి లేచి చేసినవి."

"నాకోసం లేచావా?" అని ఆయన నా భుజం తట్టారు. "నువ్వు తినవూ?"

"రోజూ చూసే మొహాలే కదా అవి."

పెట్రోలు బంకులో కొన్న మాంసం కూరిన రొట్టె నేను తిన్నాను. ఆయన రెండు డబ్బాలు ఖాళీ చేశారు. మూడోది తెరుస్తూ, "నాలిక మీద కాస్త చురుక్కుమంటోంది. మిరియం వేశావా?" అన్నారు.

మిరియం వేయలేదు. ఆ మాట నేను అనలేదు.

అరగంటకి ఆయన చెవులు కందిపోయాయి. తర్వాత మొహమంతా ఉబ్బింది. ఎండదెబ్బ అన్నాను. "గుండె పరిగెడుతోందోయ్" అన్నారు. ఇంటర్వ్యూ భయమన్నాను. కారాపి రెండుసార్లు కక్కుకున్నారు. దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు బోర్డు దగ్గర గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. "అరగంట కలిసొచ్చింది" అంటూ ఆయన ముల్లు తిప్పబోయారు. వేళ్ళు ఆ చిన్న మరని పట్టుకోలేకపోయాయి. చేయి ఒళ్ళో పడిపోయింది.

తర్వాత వచ్చిన ఊళ్ళో ఆసుపత్రికి ఎలా తోలానో నాకు గుర్తులేదు. నా జీవితంలో నేను పెంచి చెప్పని ప్రయాణం అదొక్కటే.

డాక్టరమ్మ ఆయన నాడి పట్టుకుని ఏం తిన్నారని అడిగింది. చేప, అన్నం అన్నాను.

"ఎప్పుడు చేసినవి?"

నేను నోరు తెరిచేలోగా మంచం మీద నుంచి ఆయనే ఇంగ్లిష్‌లో జవాబిచ్చారు. "ఈ పొద్దున్నే. ఇతను నాలుగింటికి లేచి చేశాడు. చేసినవాడిది తప్పు కాదు."

ఆమె రాసుకోబోయింది.

"నిన్న మధ్యాహ్నం పన్నెండు" అన్నాను. "మూత మీద ఉంది. నేనే తుడిచాను."

ఆవిడ ఇంకేమీ అడగకుండా నర్సుని కేకేసింది. సూది పొడిచారు, సెలైను ఎక్కించారు. ఆయన నా వైపు చూడలేదు. గోడ మీది గడియారాన్నే చూస్తున్నారు. నాలుగుకి పది నిమిషాలుండగా ఫోను అడిగారు. కంపెనీవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. కోలుకుని సోమవారం రమ్మన్నారు.

"సోమవారం కుదరదండీ. ఆదివారంతో నా వీసా అయిపోతుంది" అని ఆయన ఫోను పెట్టేశారు.

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నేనైతే చెప్పేవాణ్ణి.

సెలైను సగం అయ్యాక అడిగారు. "డార్విన్ ఎప్పుడు వెళ్ళావు?"

"వెళ్ళలేదండీ. మెల్‌బోర్న్ దాటడం ఇదే మొదలు."

మెల్‌బోర్న్ తిరిగొచ్చాక, ఆదివారం విమానాశ్రయంలో దింపాను. అంతకుముందే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. మూత మీద మార్కరుతో తేదీ రాశాను, ఉదయం ఏడూ పది అని టైము రాశాను. ఆయన మూత చదివారు. గడియారం చూశారు. ఆ రోజు వెనక్కి తిప్పలేకపోయిన ఆ గడియారం మెల్‌బోర్న్ టైమే చూపిస్తోంది. మూత తీసి డబ్బా నా వైపు జరిపారు.

"ముందు నువ్వు తిను."

ఒక ముద్ద తిన్నాను. రెండోది కూడా తినమన్నారు. తిన్నాను. ఆయన మూత బిగించి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నా చెవుల వైపు చూస్తూ కూర్చున్నారు.

"విమానానికి ఇంకా గంటుంది" అన్నారు. "చూద్దాం."