మేనమామ టోపీ

తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కిన దగ్గర్నుంచి ఎదుటి సీట్లో పెద్దాయన నా తలవైపే చూస్తున్నాడు. నేను నా టోపీ ఇంకొంచెం కిందికి లాక్కున్నాను. అప్పటికే నా నుదురు పైకి పాకుతోంది, ఇంట్లోనేమో సంబంధాలు చూస్తున్నారు. మా వైపు ఆడపెళ్ళివాళ్ళు ముందుగా ఎవరో ముక్కూముఖం తెలియని మనిషిని పంపి, అబ్బాయిని చూసి రమ్మంటారు. ఈయన ఆ మనిషేనని నా అనుమానం. మండుటెండలో ఉన్ని టోపీ పెట్టుకున్న ఆయన్ని ఎలా నమ్మడం?

వేమూరు దాటాక ఆయన ముందుకు వంగాడు.

"మీ మేనమామకి జుట్టుందా బాబూ?"

బట్టతల మేనమామ పోలికతోనే వస్తుందని మావాళ్ళ గట్టి నమ్మకం. మా మామయ్యది నున్నటి గుండు.

"మీకెందుకండి? ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాను కటువుగా.

ఆయన బిత్తరపోయి తన టోపీ తీశాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"నన్నెవరు పంపుతారు నాయనా! రేపల్లెలో మా మేనల్లుడికి పెళ్ళిచూపులు. నా తల చూస్తే వాడికీ ఇలాగే అవుద్దని ఆడపిల్లవాళ్ళు అనుకుంటారంట. ఈ టోపీ వాడే కొనిచ్చాడు. నువ్వూ పెట్టుకున్నావుగా, మీ మామయ్యకి కూడా పెట్టిస్తున్నావేమోనని అడిగా."

రేపల్లెలో దిగేముందు ఆయన టోపీని చెవులదాకా లాక్కుని, "కనపడట్లేదుగా?" అన్నాడు.

"లేదండి" అన్నాను.

కొన్నాళ్ళకు నా పెళ్ళిచూపులకి మామయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. కిటికీ వెలుగు నేరుగా తలమీద పడే కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, పక్కనే నేను టోపీ లేకుండా కూర్చున్నాను.