ఎడమ ముక్కు ఆడలేదు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ బొత్తిగా గౌరవం లేదు. మా కొబ్బరితోట శ్మశానం పక్కనే ఉంది. చీకటి పడ్డాక అక్కడ కూర్చుని బొండాలు తాగినవాణ్ణి. ఒకవేళ దయ్యాలంటూ ఉన్నా, నా గురక వినలేక ఎప్పుడో ఊరు విడిచి పోయుంటాయని మా ఆవిడ అంటుంది.

ఆ గురకకి కారణం నా ముక్కు. కనుబొమల దగ్గర బుద్ధిగానే బయల్దేరుతుంది. సగం దూరం వచ్చాక ఏదో మర్చిపోయినట్టు ఎడమకి తిరిగిపోతుంది. నేను తూర్పుకి నడుస్తుంటే మేష్టారి ముక్కు ఉత్తరానికి వెళుతుందని మా బళ్ళో పిల్లలు చెప్పుకునేవారు. ఓసారి కాలవ పడవలో కునుకు తీస్తే, లాకు దగ్గర పడవ నడిపే సరంగు కేకెయ్యక్కర్లేకపోయింది. నా గురక విని పెద్ద పడవేదో వస్తోందని ముందే తలుపులు తీసేశారు.

చెప్పుకోడానికి బాగానే ఉంటుంది గానీ, పడే బాధ వేరు. ఎడమ రంధ్రం పుట్టుకతోనే మూసుకుపోయింది. కుడిది దయతలిస్తేనే ఊపిరి. పడుకుంటే గాలి అందక, గోడకి చేరబడి కూర్చునే నిద్రపోయేవాణ్ణి. నలభై దాటాక కూర్చున్నా అందడం మానేసింది. ఏట్లో మునిగి తేలినవాడిలా నోరు తెరుచుకుని లేచేవాణ్ణి. ఇలాగే ఏదో ఒక రోజు లేవకుండా పోతానని మా ఆవిడ భయం.

దీనికి తోడు మా మేనమామ. ఆయన పౌరోహిత్యం చేసేవారు. మా ఇళ్ళల్లో ఊరు వెళ్ళేముందు ఏ ముక్కులో గాలి ఆడుతోందో చూసుకోవడం ఆనవాయితీ, స్వరం చూడటం అంటారు దాన్ని. ప్రయాణానికి ఎడమది ఆడాలి. మావయ్య గడపలో నిలబడి, అరచెయ్యి తిరగేసి అందరి ముక్కుల కిందా పెట్టేవారు. హోమంలో నెయ్యి చిందినప్పుడు కాలిన మచ్చ, తమలపాకంత, ఆ కుడిచేతి వెనక ఉండేది. ఊహ తెలిసినప్పటి నుంచీ నా ముక్కు కింద చూసింది ఆ మచ్చనే.

"ఒరేయ్ అబ్బాయ్, ఎడమ ఆడలేదు. ఆగు."

ఎలా ఆడుతుందండీ? ఆయన ఆపడం వల్ల నేను చూడని పెద్దాపురం జాతరలెన్నో! నా పెళ్ళికి తరలివెళ్ళేటప్పుడూ ఆపారు. మేం చేరేసరికి ఆడపెళ్ళివారు రెండో పంక్తి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. ఆయన కాస్త కునుకు తీస్తే తప్ప నేను ఊరు దాటింది లేదు.

ఆయన పోయారు. రెండు ఆబ్దికాలు కూడా పెట్టాం. అప్పుడు తెలిసింది, రాజమండ్రిలో ఒక దొర డాక్టరు ముక్కు లోపల అడ్డంగా పెరిగిన ఎముక కోసి, ముక్కు తిన్నగా నిలబెడతాడని. జీవితంలో మొదటిసారి, ముక్కు కింద ఎవరి చెయ్యీ లేకుండా, ఎవరి కునుకు కోసమూ కాచుకోకుండా గడప దాటాను.

"నేనూ వస్తానండి," అంది మా ఆవిడ. "తిన్నటి ముక్కేసుకొస్తే ఎవరో అనుకుని తలుపు తియ్యనేమో."

నేను గోరంతని కొండంత చేస్తానని మా ఊళ్ళో పేరు. ఇక్కడి నుంచి మాత్రం గోరంతని గోరంతే చెబుతాను.

పట్టపగలు. ఆ గదికి ఒకటే తలుపు. దానికి ఎదురుగా వరండాలో మా ఆవిడ కూర్చుంది. లోపల బల్ల మీద నేను, కత్తి పట్టుకుని దొర, నా తల దగ్గర క్లోరోఫారం చుక్కలు వేస్తూ కాంపౌండరు జాకోబు గారు. తియ్యటి వాసన ఒకటి నెత్తికెక్కింది. తర్వాత నాకేం తెలీదు.

తెలివొచ్చేసరికి దొర నా రెండు చేతులూ పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తున్నాడు. అతని మొహం సున్నం కొట్టినట్టుంది. నా ఊపిరి ఆగిపోయిందట. నేను ముందు ముక్కు తడుముకున్నాను. పాత మలుపు పాత చోటే ఉంది. కత్తి ముట్టనే లేదు.

సాయంత్రం జాకోబు గారు మంచం దగ్గరికొచ్చి మా మీద కేకలేశారు.

"ఆ పెద్దాయన్ని లోపలికి ఎవరు పంపారండీ? తడిపంచెతో వచ్చేయడమేనా? చెయ్యి తిరగేసి మీ ముక్కు కింద పెట్టి, 'ఆడలేదు, ఆగు' అన్నాడు. అప్పుడే కదా నేను మందు ఆపి చూసింది! ఇంకో చుక్క పడుంటే మీరు దక్కేవారు కాదు. సరేననుకోండి, అయినా పద్ధతుంటుంది కదా?"

మా ఆవిడ నా వంక చూసింది. తలుపు మీంచి చూపు తిప్పలేదనీ, ఎవ్వరూ లోపలికి వెళ్ళలేదనీ చెప్పింది. దొరని అడిగితే తనెవర్నీ చూడలేదన్నాడు. అటు తిరిగి ఉండి, జాకోబు గారు అరిచాకే తల తిప్పాడట.

"ఆ చెయ్యి ఎలా ఉందండీ?" అన్నాను.

"వెనక కాలిన మచ్చండి, తమలపాకంత. ఏం, మీవాళ్ళేనా?"

అది మా మేనమామ చెయ్యనీ, ఆయన పోయి రెండేళ్ళు దాటిందనీ చెప్పాను. జాకోబు గారు స్టూలు మీద కూర్చుండిపోయారు. "నేను దయ్యాల్ని నమ్మనండి. మా చర్చిలో ఊరుకోరు కూడా," అన్నారు మెల్లగా. ఆయన మా కోనసీమ ఎప్పుడూ రాలేదు. మావయ్య ఏనాడూ గోదావరి దాటలేదు.

ఇంక క్లోరోఫారం ఇవ్వనని దొర చెప్పేశాడు. వెళ్ళిన ముక్కుతోనే తిరిగొచ్చాను. ప్రాణం నిలిపినందుకు మావయ్యకి దణ్ణం పెట్టాలో, ముక్కు ఇలాగే ఉంచినందుకు పోట్లాడాలో తెలీదు. ఆబ్దికం నాడు రెండూ చేస్తున్నాను.

మొన్న జాకోబు గారు కబురు పంపారు. నిద్రపుచ్చకుండా, ముక్కులో రాస్తే మొద్దుబారే మందు వచ్చిందట, రమ్మన్నారు. మా ఆవిడ మూట కట్టేసింది. పడవ రేవులో ఉంది. గడప దగ్గరికి వచ్చి, ఏ స్వరాన్నీ నమ్మని నేను, నా చెయ్యి నేనే తిరగేసి ముక్కు కింద పెట్టుకున్నాను.

ఎడమ ఆడలేదు.

ఆ గదిలోకి వచ్చింది ఎవరో నాకిప్పటికీ తెలీదు. ఎడమ ముక్కు ఆడాలంటే రాజమండ్రి వెళ్ళాలి. రాజమండ్రి వెళ్ళాలంటే ఎడమ ముక్కు ఆడాలి. మూట ఇంకా గడప పక్కనే ఉంది. నేను గోడకి చేరబడి కూర్చుని ఇది రాస్తున్నాను.