ఎనిమిది రోజుల మందు, మూడు నెలల వెలి

మా చెల్లెలు సుజాత ఇంకా వసారాలోనే పడుకుంటోందని ఫోన్‌లో విని దాచేపల్లి బయల్దేరాను. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక దానికి రేడియో అయోడిన్ అనే రేడియేషన్ మందు ఇచ్చారు. మూడు వారాలు చిన్నపిల్లలకు దూరంగా ఉండమని ఆసుపత్రిలో చెప్పారు. ఇప్పటికి మూడు నెలలైంది! నాకు ఒళ్లు మండిపోయింది.

నరసరావుపేటలో ఉదయం ఏడింటికి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. పిడుగురాళ్ల దాటాక సిమెంటు లారీల వెనక నత్తనడకే, మీరెప్పుడైనా ఆ దారిన వెళ్తే దుమ్ముకి కిటికీ మూసుకోండి. దాచేపల్లిలో ఆటో అతనికి ఇంటి గుర్తులు చెబుతుంటే, "ఆ మందు మింగినామె ఇల్లేగా, తెలుసులేమ్మా. వీధి మొదట్లో దింపుతా," అన్నాడు. ముప్పై రూపాయలు పుచ్చుకుని మరీ అక్కడే దింపాడు.

వసారాలో నులకమంచం, విడిగా కంచం, చెంబు. పురిటి మైల పాటించినట్టు పాటిస్తున్నారు. పురుడైనా పదకొండో రోజున పోతుంది, దీనికి గడువే లేదు! రెండేళ్ల కూతురు చిన్ని నానమ్మ కోటమ్మగారి చంకలో ఉంది. సుజాత భర్త శ్రీను సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగి, చదువుకున్నవాడు. తాపీగా నాకు లెక్క చెప్పాడు.

"ఎనిమిది రోజులకి సగం తగ్గుద్దన్నారు గదక్కా. సగంలో సగం, దాంట్లో సగం... ఎంత తగ్గినా ఎంతో కొంత మిగులుద్దిగా."

"ఆ మిగిలేదెంతో కూడా లెక్కెయ్యి శ్రీనూ. ఇప్పటికి వెయ్యో వంతు కూడా లేదు. ఫ్యాక్టరీ దుమ్ముతో వచ్చి నువ్వు పిల్లని ఎత్తుకోవచ్చా?"

అసలు ఆ మందులో చాలా భాగం మొదటి రోజుల్లోనే మూత్రంలో పోతుంది. నా మాట నమ్మరని ఆసుపత్రి డాక్టరుకే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. తల్లి పిల్లని ఎప్పుడో ఎత్తుకోవాల్సిందని ఆయన నేరుగా కోటమ్మగారికే చెప్పాడు. ఆవిడ పాపను కిందికి దింపింది.

చిన్ని రెండడుగులు వేసి గడప దగ్గర ఆగిపోయింది.

"అమ్మని ముట్టుకోకూడదు," అంది.

సుజాత చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

సాయంత్రం నేను బస్సుకు బయల్దేరే దాకా ఆ పిల్ల గడప దాటలేదు. మందు తన పని చేసి ఎప్పుడో వెళ్లిపోయింది. పసిదానికి ఆ మాట నేర్పినవాళ్ల మీద నా కోపం మాత్రం ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందు ఇస్తే, ఎన్నాళ్లు దూరంగా ఉండాలో అడిగి ఊరుకోకండి. బిడ్డను ఏ రోజున ఎత్తుకోవచ్చో ఇంటి పెద్దల ఎదుటే డాక్టరు చేత చెప్పించండి.