లాగ్‌లో లేని నలభై నిమిషాలు

ఛాయాదేవి ఢిల్లీలో ఒక నియామక పరీక్షల సంస్థలో పదహారేళ్లుగా డేటాబేస్ చూస్తోంది. రోజూ నగర శివారులోని ఇందిరాపురం నుంచి ఆటో, మెట్రో పట్టుకుని వస్తుంది. లక్షల మంది అభ్యర్థుల దరఖాస్తులు ఆ డేటాబేస్‌లోనే ఉంటాయి. ఎవరు ఏది మార్చినా లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, పడుతుంది. లాగ్‌ను ఆపగల సెట్టింగ్ ఒకటుంది. దాన్ని ముట్టుకునే అనుమతిని ఆమె తన లాగిన్‌కు తప్ప మరెవరికీ ఇవ్వలేదు.

మార్చిలో రఘువీర్ డిప్యూటీ డైరెక్టర్‌గా వచ్చాడు. కరీంనగర్ మనిషి. లాగ్ వల్ల సిస్టం నెమ్మదిస్తోందని, ఆ అనుమతి తనకూ ఇవ్వమని అడిగాడు. ఆమె ఫైలు మీద రాసి పంపమంది.

“మనం మనం తెలుగోళ్లం మేడమ్. గింత దానికి ఫైలెందుకు?”

“రాతలో లేకపోతే ఇవ్వను సార్.”

అతను రాయలేదు. ఆ వారమే ఆమె సీటును సర్వర్ గది పక్కకు, ఏసీల రొదలోకి మార్పించాడు. సెలవు చీటీని నెల రోజులు తొక్కిపెట్టాడు. మీటింగుల్లో ఆమె నోరు తెరవగానే ఫోన్ చూసుకునేవాడు. అది చూసి క్యాంటీన్‌లో మిగతావాళ్లు కూడా ఆమె బల్ల దగ్గరికి రావడం మానేశారు.

మే నెలలో ఒక సోమవారం ఆమె లాగ్ తిరగేస్తోంది. శనివారం రఘువీర్ లాగిన్ తెరుచుకుంది, మూసుకుంది. మధ్య నలభై నిమిషాలకు ఒక్క పంక్తీ లేదు. కారణం దొరకడానికి సాయంత్రమైంది. సెట్టింగ్‌ను నేరుగా మార్చబోతే సాఫ్ట్‌వేర్ అనుమతి ఉందా అని చూస్తుంది. కానీ ఆఫీసు సొంతంగా రాయించుకున్న, అధికారులు వాడే అడ్మిన్ పేజీలో ఒక లాగిన్ పేరు మీద లాగ్ ఆపే సెట్టింగ్ రాసిపెడితే, ఆ లాగిన్ తెరుచుకోగానే అది అమలైపోతోంది. రాసినవాడికి ఆ హక్కుందో లేదో ఆ పేజీ చూడటం లేదు. ఆ పేజీని పరీక్షించి సరేనని సంతకం పెట్టింది ఛాయాదేవే.

శుక్రవారం నాటి బ్యాకప్‌తో పోల్చి చూసింది. పంతొమ్మిది మంది అభ్యర్థుల పరీక్షా కేంద్రాలు మారి, అందరూ ఒకే కేంద్రానికి చేరారు.

ఆమె డైరెక్టర్‌కు నివేదిక రాస్తోందని తెలిసి రఘువీర్ తన గదికి పిలిపించాడు. కూర్చోమనలేదు.

“ఆ పేజీ పాస్ చేసింది మీరే. అది కూడా రాస్తరా?”

“మొదటి పేరాలో అదే రాశాను.”

నివేదిక వెళ్లాక కేంద్రాలు మళ్లీ పాత చోట్లకు వచ్చాయి. అడ్మిన్ పేజీ ఇప్పుడు రాసేవాడి అనుమతి చూస్తుంది. రఘువీర్ లాగిన్‌ను వేరెవరో వాడి ఉండవచ్చని డైరెక్టర్ వేసిన విచారణ తేల్చింది. అతను అదే హోదాతో ఇంకో ఆఫీసుకు వెళ్లాడు. ఛాయాదేవికి నిర్లక్ష్యం కింద మెమో ఇచ్చి, పాత ఫైళ్ల గదికి మార్చారు. ఆమె అప్పీలు పెట్టింది, జవాబు రాలేదు. ఇప్పుడు కారిడార్‌లో పాత సహోద్యోగులు నమస్తే పెడితే ఆమె తల తిప్పుకుని వెళ్లిపోతుంది.