పదో కార్డు

ఫోనెత్తగానే నా నోటినుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "మీ పనే చేస్తా ఉండామండీ." జార్జి టౌన్ సందులో ఒక గది, ఒక మెషీను, రెండు బల్లలు పెట్టుకుని కార్డులు అచ్చేసే నాలాంటి మనిషికి ఆ అబద్ధం లేకపోతే రోజు గడవదు. ఎవరు ఫోన్ చేసినా వాళ్ళ పనే చేస్తున్నాను. చాలాసార్లు ఆ ఫోన్ వచ్చాకే ఆ పని మొదలుపెడతాను.

ఆ వారం చేతిలో మూడు పనులున్నాయి. మైలాపూరులో ఒక ఇంటి పెళ్ళి శుభలేఖలు ఐదువందలు. తొండియార్‌పేటలో కాలం చేసిన ఒక పెద్దాయన కర్మాంతరం కార్డులు రెండువందలు. ఇవి కాక ఒక స్వీట్ల అంగడివాళ్ళకి పెట్టెల మీద అంటించే లేబుళ్ళు. మూడూ ఒకే రోజుకి కావాలన్నారు. మూడింటికీ సరేనన్నాను. కాదనడం నాకు చేతకాదు. కాదంటే మళ్ళీ రారేమోనని భయం. నా చేత తప్పులన్నీ చేయించేది ఆ భయమే.

మా అంగడిలో ఒక కట్టుబాటు ఉంది. నాకు ఈ పని నేర్పిన మా మామగారు పెట్టింది. శుభలేఖలు కట్టే బల్ల మీద కర్మాంతరం కార్డు పెట్టకూడదు. దానికి గోడ పక్కన వేరే బల్ల. పాడయ్యేవి ఉంటాయని పది ఎక్కువ అచ్చేస్తాం. సరుకు ఇచ్చేశాక, పాడైనవీ మిగిలినవీ కలిపి ఆ పదీ లెక్కపెట్టి చింపేయాలి. ఒక్కటి కూడా అంగడిలో ఉండకూడదు. అందుకున్నవాళ్ళయినా అంతే, చదివి, చింపి, వీధిలో పారేస్తారు గానీ గడప లోపల ఉంచుకోరు.

ఆరోజు పొద్దున శుభలేఖలు ఆటోలో మైలాపూరు పంపించాను. కర్మాంతరం కార్డులు తొండియార్‌పేటవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. మిగిలినవి చింపుదామని కూర్చుంటే తొమ్మిదే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిది. బల్ల కింద చూశాను, చెత్తబుట్ట బోర్లించాను, మెషీను వెనక్కి చెయ్యి పెట్టి దుమ్ము తీశాను. తొండియార్‌పేటకి ఫోన్ చేసి, ఏదో వంక పెట్టి, కార్డులు సరిపోయాయా అని అడిగాను. "రెండు నూర్లూ కరెక్టుగా ఉండాయిమా, ఇప్పుడే ఎంచినాం" అన్నాడు పెద్దాయన కొడుకు.

కార్డులు మడిచి కట్టలు కట్టే అక్క మా దగ్గర ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది. నా ముఖం చూసి మెల్లగా అంది: "నిన్న రెండూ ఈ బల్ల మీదే గదమ్మా కట్టినాం. గోడ పక్క బల్లంతా లేబుళ్ళు ఉండాయని, ఈడనే పెట్టమని నువ్వేగా చెప్పినావు."

రెండింటికీ ఒకే రకం మీగడరంగు అట్ట వాడాను, ఒకే కొలత. ముందు వైపు ఒకదాని మీద బంగారు అక్షరాలు, ఇంకోదాని చుట్టూ సన్నని నల్ల అంచు, చనిపోయినాయన ఫోటో. వెనక వైపు తిప్పితే అడుగున మా అంగడి పేరు తప్ప ఏమీ ఉండదు. ఏది పెళ్ళిదో ఏది చావుదో చెప్పలేం.

ఆ పెళ్ళికూతురు నాకు బాగా గుర్తుంది. కార్డు ఎంచుకోవడానికి వాళ్ళ నాయనమ్మతో కలిసి వచ్చింది. మొదట కుదిరిన సంబంధం నిశ్చితార్థమయ్యాక తప్పిపోయిందట. ఆ మాట ముసలామే చెప్పింది. ఇది రెండోది. "ఈ తూరి ఏ తొందరా, ఏ అడ్డూ రాకుండా జరిగిపోవాల" అని కార్డు మీద చెయ్యి వేసి దండం పెట్టుకుంది. అలాంటి ఇంట్లో కట్ట విప్పగానే చావు కార్డు కనిపిస్తే? మగపెళ్ళివాళ్ళ చేతికే అది చేరితే? నా అంగడికి ఇక ఆ వీధివాళ్ళెవరూ రారు, అది నిజం. కానీ ఆ నిమిషంలో నాకు కళ్ళముందు కనిపించింది ఆ పిల్ల ముఖం.

ఫోన్ చేసి అడగలేను. మీ శుభలేఖల్లో కర్మాంతరం కార్డు ఉందేమో చూడండి అని ఏ నోటితో అడుగుతాం? ఆ సాయంత్రమే రాహుకాలం పోయాక మొదటి శుభలేఖ గుడిలో పెడతామని వాళ్ళు ముందే చెప్పారు. బీచ్ స్టేషన్‌లో మైలాపూరు రైలెక్కాను. స్వీట్ల అంగడివాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. "మీ పనే చేస్తా ఉండామండీ" అన్నాను, రైలు చప్పుడు వినబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ ఇంటికి వెళ్ళేసరికి హాల్లో చాప మీద కట్టలున్నాయి. ఒకటి విప్పి ఉంది. పక్కనే పసుపు గిన్నె, దాని దగ్గర నాయనమ్మ కూర్చుని ఉంది. అప్పటికే కొన్నింటికి వెనక వైపు నాలుగు మూలలా పసుపు పెట్టేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది, వంటింట్లో ఎవరో నవ్వుతున్నారు. ఇంకా ఎవరూ చూడలేదనుకుని గుమ్మంలోనే ఊపిరి పీల్చుకున్నాను.

"ఏందమ్మా, పొద్దున పంపించి మళ్ళా వచ్చినావు?" అంది నాయనమ్మ.

"కొన్నింట్లో బంగారు అక్షరాలు రాలతా ఉండాయవ్వా. ఒకసారి చూసి, పాడైనవి మార్చి ఇస్తాను."

"చూసుకో" అంది. ఇంకేమీ అడగలేదు.

కూర్చుని ఒక్కోటీ తిప్పడం మొదలుపెట్టాను. ఇంతలో పెళ్ళికూతురు వచ్చి నా పక్కనే చతికిలబడింది. "నేనూ చూస్తానాంటీ, సీక్రం అయిపోద్ది" అని ఒక కట్ట ఒళ్ళోకి లాక్కుంది. వద్దమ్మా అన్నాను. వినలేదు. ఆ పిల్ల కార్డు తిప్పిన ప్రతిసారీ నా చేతిలోది ఆపేశాను. ముందు ఆ పిల్ల చేతిలోది చూసి, తర్వాతే నాది తిప్పాను. బంగారం. మళ్ళీ బంగారం. ఒక కార్డు దగ్గర ఆగి, "ఆంటీ, ఇది చూడండి" అంది. చప్పున లాక్కుని చూశాను. ఒక అక్షరం కొంచెం చెరిగింది, అంతే.

ఐదు కట్టలూ అయిపోయాయి. నల్ల అంచు ఎక్కడా లేదు. విప్పి ఉన్న కట్టని మాత్రం నేనే లెక్కపెట్టాను. తొంభైతొమ్మిది వచ్చింది. మళ్ళీ పెట్టబోతుంటే నాయనమ్మ అంది: "ఒకటి నేను తీసి పెట్టినానులేమ్మా. ఇంక ఎంచబాక."

దేవుడి దగ్గర పెట్టిందనుకున్నాను. ఆ దేవుడి దగ్గర పెట్టిందే నల్లదైతే అన్న ఆలోచన రాకపోలేదు. వంక పెట్టుకుని పూజగదిలోకి తొంగిచూశాను. అక్కడ కార్డే లేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. నాయనమ్మ నాకు కాఫీ ఇప్పించింది. గ్లాసు అందుకుంటూ కాఫీ చీర మీద ఒలకబోసుకున్నాను. ఆమె చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ కార్డు ఎక్కడికి పోయిందో తెలియలేదు. పెళ్ళి జరిగిపోయింది. అయినా నా భయం పోలేదు. ఆ ఇంటి నంబరు నుంచి ఫోన్ వస్తే చాలు, చేతిలో పని వదిలేసి మెషీను ఆపేసేదాన్ని. ఒకసారి నిశ్చితార్థం కార్డులకని చుట్టాలని పంపించారు, ఇంకోసారి ఊరికే బాగున్నావా అని నాయనమ్మ మాట్లాడింది. ప్రతిసారీ ఇవాళ బయటపడిందనే అనుకున్నాను. లేబుళ్ళ పని ఎంతున్నా గోడ పక్క బల్ల మీద మళ్ళీ వేరే సరుకు పెట్టలేదు.

ఎనిమిది నెలలయ్యాక ఆ పిల్ల తండ్రి అంగడికి వచ్చాడు. తల గుండు కొట్టించుకుని ఉన్నాడు. అర్థమైంది. కుర్చీ వేశాను.

"అమ్మ పోయింది" అన్నాడు. "కర్మాంతరానికి కార్డులు కావాల. మాదిరి తెచ్చినాను." సంచిలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మ పెట్టె తీస్తే చీరల అడుగున ఇది ఉండింది. ఇందులో ఉండే ఆయన ఎవరో మాకు తెలీదు. వెనకాల మీ అంగడి పేరు ఉండాది. అమ్మకి ఇది నచ్చి, తనకీ ఇట్టాంటిదే వేయించమని దాచిపెట్టుకున్నట్టు ఉండాది. ఇట్టనే వేసియ్యండి."

సరేనన్నాను.

ఆయన వెళ్ళాక దాన్ని తిప్పి చూశాను. వెనక వైపు మూడు మూలలకి పసుపు ఉంది. ఎండిపోయి ముదురు రంగుకి తిరిగింది. నాలుగో మూలకి లేదు. కట్ట బోర్లించి ఉండటంతో చూసుకోకుండా మూడు పెట్టేసి, నాలుగోదానికి కార్డు కదిల్చేటప్పుడు నల్ల అంచు చూసి ఉంటుంది.

కర్మాంతరం కార్డుని ఇంట్లో ఉంచకూడదు. పసుపు పెట్టినదాన్ని చింపకూడదు. మనవరాలి పెళ్ళి ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా, రెండింట్లో ఏ తప్పు చేయాలో ఆమె ఒక్కతే తేల్చుకుంది. ఆరోజు నేను ఐదువందలు తిప్పుతుంటే నేను దేన్ని వెతుకుతున్నానో ఆమెకి తెలుసు. ఆ హాల్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఆమె కార్డులు గోడ పక్క బల్ల మీద కట్టించాను. మిగిలిన పదీ లెక్కపెట్టి చింపాను. పాతది మాత్రం నా సొరుగులో ఉంది. రెండుసార్లు చింపుదామని చేతిలోకి తీసుకున్నాను. రెండుసార్లూ లోపల పెట్టేశాను.